గుర్రం దౌడు తీసిందా, రౌతు దౌడు తీశాడా?

మీరు రాస్తున్న చారిత్రక కథలో "కబురు అందగానే రాకుమారుడు కోట వైపు దౌడు తీశాడు" అనే వాక్యం ఉంది. చదివిన స్నేహితుడు "దౌడు తీసేది గుర్రం, మనిషి కాదు" అన్నాడు. ఇంకొకరు "స్వారీ చేశాడు" అని మార్చమన్నారు. వీటిలో ఏది సరైనది, దౌడు తీయడం అంటే అసలు అర్థం ఏమిటి, పాత కవులు దీనికి ఏ క్రియ వాడేవారు అని అడిగారు. ఈ మాటలంటే నాకు చాలా ఇష్టం. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ అశ్వదళంలో రెండేళ్ళు స్వారీ నేర్చుకున్నాను. తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా అనువాద నవలలు దిద్దే పనిలో ఉన్నాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. "దౌడు తీశాడు" వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. కానీ మీ వాక్యంలో గుర్రం లేదు. గుర్రం లేని చోట "దౌడు తీశాడు" అంటే తెలుగు పాఠకుడికి మొదట కనిపించేది కాళ్ళతో పరుగెత్తుతున్న మనిషి, అందులోనూ భయపడి పారిపోతున్న మనిషి. "కుక్కను చూడగానే దౌడు తీశాడు", "పోలీసుల విజిల్ వినగానే ఒకటే దౌడు" అని మనం రోజూ అంటాం. మీ రాకుమారుడు కోటను కాపాడటానికి వెళ్తున్నాడు. మీ వాక్యం మాత్రం అతన్ని పారిపోయేవాడిలా చూపిస్తోంది. అసలు సమస్య ఇదీ.

దౌడు హిందీ, ఉర్దూల నుంచి వచ్చిన మాట. అక్కడ దౌడ్ అంటే ఏ పరుగైనా సరే, పిల్లల పరుగు పందెం కూడా దౌడే. తెలుగులోకి వచ్చాక దాని అర్థం కుదించుకుపోయింది. మామూలు పరుగుకు మనకు పరుగు అనే మాట ముందే ఉంది కదా. అందుకని దౌడు గుర్రానికి స్థిరపడింది, గుర్రంలాంటి పరుగుకు స్థిరపడింది. ఉన్నట్టుండి మొదలై, నాలుగు కాళ్ళూ ఒక్క ఊపున ముందుకు పోయే పరుగు. అప్పు తెచ్చుకున్న మాటలకు ఇలా జరగడం మామూలే. ఇంట్లో ఉన్న మాట పెద్ద గదిలో ఉంటుంది, వచ్చిన మాట తనకో మూల చూసుకుని అక్కడ బలంగా కూర్చుంటుంది.

ఇక "తీయు" సంగతి. పరుగెత్తు అంటాం, పరుగు తీయు అని కూడా అంటాం. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, నా చెవికి తేడా ఉంది. పాట విషయంలో చూడండి. రాగం ఎత్తుకోవడం అంటే మొదలుపెట్టడం. రాగం తీయడం అంటే సాగించడం. దీర్ఘాలు తీయడం, సాగదీయడం అనే మాటల్లో కూడా తీయు పొడుగుకే పనిచేస్తోంది. దౌడు తీయడంలోనూ అంతే. అది ఒక్క గెంతు కాదు, నేల మీద గీతలాగా సాగుతూ పోయే కదలిక. అందుకే "ఒక్క అంగలో దౌడు తీసి కందకం దాటింది" లాంటి వాక్యం చదివితే నాకు గుచ్చుకుంటుంది. కందకం దాటాలంటే దూకాలి. దౌడు దానికి ముందు జరుగుతుంది.

రౌతు చేసే పని చెప్పాలంటే ప్రేరణార్థకం వాడాలి. "గుర్రాన్ని దౌడు తీయించాడు." దీనికి ఇంకో రూపం దౌడాయించు. చలాయించు, బనాయించు, ఫిరాయించు ఏ దారిలో వచ్చాయో దౌడాయించు కూడా ఆ దారిలోనే వచ్చింది. చలానా, బనానా, ఫిరానా, దౌడానా అన్నీ హిందీలో ఒకరి చేత లేదా ఒకదాని చేత పని చేయించే క్రియలు. అంటే "పరుగెత్తించు" అన్న అర్థం దౌడాయించులో పుట్టుకతోనే ఉంది. కాబట్టి "రౌతు గుర్రాన్ని దౌడాయించాడు" సరైన వాక్యం. "గుర్రం దౌడాయించింది" అని రాస్తే నేను దిద్దుతాను.

మరి "దౌడు తీశాడు" అని రౌతును కర్తగా పెట్టి ఎప్పుడూ రాయకూడదా? రాయవచ్చు. "గుర్రమెక్కి దౌడు తీశాడు" అనండి, ఏ ఇబ్బందీ లేదు. గుర్రమెక్కి అనే క్త్వార్థకం (ఒక పని ముగించి ఇంకో పనికి పోయే "ఎక్కి", "చేసి" లాంటి రూపం) వచ్చాక మనిషీ గుర్రమూ వాక్యంలో ఒకటైపోతారు. కారు నడిపేవాడు "నేను ఎనభైలో వచ్చాను" అంటే ఎనభైలో వచ్చింది కారు అని మనం గొడవపడం. అదే ఇక్కడ కూడా. గుర్రం వాక్యంలో ఒకసారి కనిపిస్తే చాలు, తర్వాత రెండు మూడు వాక్యాల దాకా రౌతును కర్తగా నడపవచ్చు.

ఇప్పుడు "స్వారీ చేశాడు" అని మార్చమన్న సలహా. దీన్ని నేను ఒప్పుకోను, కారణం చెబుతాను. స్వారీ పారసీకం నుంచి వచ్చిన సవారీకి మన రూపం. సవార్ అంటే గుర్రం మీద పోయేవాడు. ఆ మాటకు మూలం ప్రాచీన పారసీకంలోని అసబార. అందులో మొదటి భాగం గుర్రం, మన అశ్వానికి చుట్టం. రెండో భాగానికి మోయడంతో సంబంధం. గుర్రం మోసుకుపోతున్నవాడు అన్నమాట. వేల ఏళ్ళ కిందటి గుర్రం ఒకటి స్వారీ అన్న రెండక్షరాల్లో ఇంకా దాక్కుని ఉంది. అయినా మనం ఏనుగు మీద స్వారీ, ఒంటె మీద స్వారీ, పులి మీద స్వారీ అంటాం. మాట పుట్టుక మరుగున పడి, దేని మీదైనా ఎక్కి పోవడం అనే అర్థం మిగిలింది. రాజుగారి ఊరేగింపుకు, ప్రయాణానికి కూడా స్వారీ అనేవారు.

ఈ మాటలో వేగం లేదు. స్వారీ చేయడం ఒక విద్య, ఒక అలవాటు, ఒక స్థితి. "ఆమె రోజూ పొద్దున్నే గుర్రపు స్వారీ చేస్తుంది" బాగుంది. "కబురు అందగానే కోట వైపు స్వారీ చేశాడు" బాగాలేదు. అది పరాయి భాష వాక్యానికి తెలుగు మాటలు తొడిగినట్టు ఉంటుంది. తెలుగులో స్వారీ "మీద" చేస్తాం, "వైపు" చేయం. నేను దిద్దిన అనువాదాల్లో ఎక్కువసార్లు కనిపించిన తప్పు ఇదే. మూలంలో ఒక గమ్యం ఉంటుంది, అనువాదకుడు దాన్ని తెచ్చి స్వారీకి తగిలిస్తాడు. గమ్యం చెప్పాలంటే తెలుగులో వెళ్ళు, వచ్చు, చేరు అనే క్రియలు ఉండాలి, స్వారీ వాటికి తోడుగా రావాలి. అన్నట్టు, స్వారీకి ఆధిపత్యం అనే ఇంకో నీడ కూడా ఉంది. "నెత్తికెక్కి స్వారీ చేస్తున్నాడు" అంటే అణచిపెడుతున్నాడని. పాత్రల మధ్య సంబంధం గురించి రాస్తున్నప్పుడు ఆ నీడ పనికొస్తుంది, మామూలు ప్రయాణం రాస్తున్నప్పుడు అడ్డమొస్తుంది.

స్వారీ రాకముందు తెలుగువాళ్ళు ఏమనేవారు? చాలా సులువైన మాట, ఎక్కు. గుర్రమెక్కి వచ్చాడు, ఏనుగునెక్కి ఊరేగాడు. ఇప్పటికీ బస్సెక్కి వచ్చాను, రైలెక్కి పోయాను అంటున్నాం. ఎక్కడం అనేది ఒక క్షణంలో అయిపోయే పని. కానీ "ఎక్కి" అనగానే ప్రయాణమంతా అందులోకి వచ్చేస్తుంది. దీని విలువ మనం గుర్తించడం లేదు. "గుర్రం మీద స్వారీ చేస్తూ వచ్చాడు" అని ఐదు మాటల్లో రాసేదాన్ని "గుర్రమెక్కి వచ్చాడు" రెండు మాటల్లో చెబుతుంది, పైగా చెవికి మన మాటలాగా వినిపిస్తుంది.

పాత సాహిత్యంలో గుర్రానికి వాడిన క్రియకు మీకు నోటికి వచ్చిన పద్యమే ఉంది. సుమతీ శతకంలో "అక్కరకు రాని చుట్టము" పద్యం.

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బాఱని గుర్రము
గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ!

చిన్నప్పుడు "బారని" అంటే ఏమిటో తెలియకుండానే అప్పజెప్పాం. అది నిజానికి "పాఱని". ఎక్కినన్ అనే ద్రుతాంతం, అంటే న్‌తో ముగిసే మాట, తర్వాత రావడం వల్ల ప కాస్తా బ అయింది. మోహరమున అంటే యుద్ధంలో. యుద్ధంలో తాను ఎక్కితే పరుగెత్తని గుర్రం అని అర్థం. మీ ప్రశ్నకు వందల ఏళ్ళుగా జవాబు ఈ ఒక్క పాదంలోనే ఉంది. ఎక్కేది తాను, పాఱేది గుర్రం. రెండు పనులు, ఇద్దరు కర్తలు, మధ్యలో ఒక్క "ఎక్కినన్". పద్యం బాధ కూడా ఆ రెండు క్రియల మధ్యే ఉంది. మొదటి క్రియ జరిగింది, రెండోది జరగలేదు. శత్రువు ఎదురుగా ఉన్నాడు.

పాఱు అనే క్రియ గురించి ఇంకాస్త చెప్పాలి. ఈ రోజు పారడం అంటే నీళ్ళకే. కాలువ పారుతోంది, ఏరు పారుతోంది. ఒకప్పుడు మనుషులు, లేళ్ళు, గుర్రాలు కూడా పాఱేవి. ఆ పాత అర్థం ఇప్పుడు పారిపోవులో మిగిలి ఉంది. పరుగు, పాత తెలుగులోని పరువు కూడా ఈ కుదుటివే. అప్పట్లో పరువెత్తు అంటే పరుగెత్తే. సంస్కృతంలో కూడా ఇలాగే జరిగింది. ద్రు అనే ధాతువుకు పరుగెత్తడం, ప్రవహించడం అని రెండర్థాలూ ఉన్నాయి. ద్రవం అక్కడిదే, పారిపోయినవాణ్ణి చెప్పే విద్రుతుడు అక్కడిదే. మంచి గుర్రం చదును నేల మీద దౌడు తీస్తుంటే పక్క నుంచి ఒకసారి చూడండి. కాళ్ళు కనిపించవు, వీపు గీత మాత్రం నీళ్ళ మీది అల లాగా పోతుంది. పాఱు అన్నవాళ్ళు ఆ చూపుతోనే అన్నారని నా గట్టి నమ్మకం. కొత్తగా రాసేవాళ్ళు "గుర్రం పారింది" అని రాయలేరు, పాఠకుడు ఆగిపోతాడు. కానీ గుర్రానికి పోలిక వెతుకుతున్నప్పుడు బాణం, మెరుపు, గాలి అనే అరిగిన మూడు పోలికలు వదిలి నీళ్ళ వైపు చూడండి. మన భాష ఆ దారి ముందే వేసి పెట్టింది.

సంస్కృతం గుర్రపు నడకలను విడివిడిగా పేర్లు పెట్టి చెప్పింది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఐదున్నాయి: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. ఈ ఐదింటినీ ధారలు అన్నారు, మళ్ళీ నీళ్ళ మాటే చూడండి. ఇవి మామూలు నడక నుంచి పూర్తి పరుగు దాకా ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పే వాక్, ట్రాట్, కాంటర్, గ్యాలప్‌లకు ఒకటికి ఒకటి సరిపోవు. సరిపెట్టాలని ప్రయత్నించకండి. ఇప్పటి లెక్కలో తేడా గిట్టల దెబ్బల్లో ఉంది. వాక్‌లో నాలుగు దెబ్బలు విడివిడిగా పడతాయి. ట్రాట్‌లో ఎదురు మూలల కాళ్ళు జంటగా పడతాయి కాబట్టి రెండే దెబ్బలు. కాంటర్‌లో మూడు దెబ్బలు, తర్వాత నాలుగు కాళ్ళూ గాల్లో ఉండే చిన్న విరామం. గ్యాలప్‌లో మళ్ళీ నాలుగు, కానీ ఒకదాని మీద ఒకటి పడుతున్నంత దగ్గరగా. గ్యాలప్ వేగం సుమారు గంటకు 40 నుంచి 48 కిలోమీటర్లు. తెలుగులో దౌడు అనే మాట కాంటర్‌కూ గ్యాలప్‌కూ రెండింటికీ చెల్లుతుంది. ట్రాట్‌కు చెల్లదు. ట్రాట్‌ను దౌడు అని అనువదించిన పుస్తకాలు చూశాను. ట్రాట్ మీద కూర్చున్నవాడు ఎగిరెగిరి పడుతుంటాడు, జీను మీద లేచి కూర్చోవడం రాకపోతే నడుము విరిగినట్టుంటుంది. దౌడులో ఆ కుదుపు ఉండదు, ఊయల ఊగినట్టు ఉంటుంది. అనుభవం ఇంత వేరుగా ఉన్నప్పుడు మాట ఒకటే పెట్టడం అన్యాయం. ట్రాట్‌కు నేను "దుడుకు నడక" అనో "చిన్న పరుగు" అనో సందర్భాన్ని బట్టి రాయిస్తాను. స్వారీ నేర్పే చోట కథ జరుగుతుంటే ట్రాట్ అనే రాయిస్తాను. అక్కడ అందరూ అనేది అదే.

మన ఛందస్సులో కూడా గుర్రం ఉంది. లయతో నడిచే రగడ అనే పద్యాల్లో హయప్రచారం, తురగవల్గనం అని రెండున్నాయి. హయప్రచారానికి పాదానికి నాలుగు త్రిమాత్రా గణాలు (మూడేసి మాత్రల ముక్కలు; మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికే కాలం), అంటే పన్నెండు మాత్రలు. తురగవల్గనానికి దానికి రెట్టింపు, ఎనిమిది గణాలు, ఇరవై నాలుగు మాత్రలు. వల్గనం అంటే గంతులు వేస్తూ పోవడం. అమరకోశంలోని వల్గితం, కళ్ళెపు తాడును చెప్పే వల్గ ఈ ధ్వనితోనే ఉన్నాయి. వల్గ నుంచే మన వాగె వచ్చింది. గుర్రం పేరు పెట్టుకున్న రగడలు రెండూ మూడు మాత్రల నడకలో ఉండటం చూడండి. ఏనుగు పేరున్న ద్విరదగతి రగడ మాత్రం ఐదు మాత్రల గణాలతో బరువుగా కదులుతుంది. హయప్రచారం నడక తెలియడానికి నేనే అల్లిన రెండు పాదాలు ఇవి:

గిట్టలెగసి గిరులు దాటి
కట్ట తెగిన కడలి ధాటి

గట్టిగా చదవండి. గిట్ట, లెగసి, గిరులు, దాటి. తకిట తకిట తకిట తకిట. కాంటర్‌లో గుర్రం మీద కూర్చున్నవాడి నడుముకు తెలిసేది సరిగ్గా ఈ తకిటే. మొదటిసారి నా గుర్రం కాంటర్‌లోకి మారినప్పుడు భయంతో కళ్ళెం బిగపట్టి కూర్చున్నాను. రెండు మూడు రోజులకు ఒళ్ళు సడలాక లోపల ఈ మూడు మాత్రల లయ మోగడం మొదలైంది. తురగవల్గనం అనే పేరు పుస్తకంలో చదివి బట్టీ పట్టినవాణ్ణి, అది ఎందుకు పెట్టారో ఆ రోజు ఒంటికి తెలిసింది. మీరు వచనంలో దౌడు రాస్తున్నప్పుడు చప్పుడు కూడా వినిపించాలంటే ఈ తేడా గుర్తుంచుకోండి. ట్రాట్‌కు టక్ టక్, టక్ టక్. దౌడుకు తకిట. పూర్తి వేగానికి తకధిమి తకధిమి దగ్గరగా ఉంటుంది. గుర్రం ఏ నడకలో ఉన్నా "టకటకా" అని ఒకే చప్పుడు పెట్టేయడం వినికిడి లేని రాత.

ఆధునిక కవిత్వంలో శ్రీశ్రీ "కదం త్రొక్కుతూ, పదం పాడుతూ" అన్నది అందరికీ తెలుసు. కదం అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, అడుగు అని అర్థం. ఉర్దూలో గుర్రం వేసే నడకకు కూడా కదం అనే మాట వాడతారు. తెలుగులో కదం తొక్కడం అంటే ఊపుగా, లయగా అడుగులు వేయడం. అది గుర్రానికీ చెల్లుతుంది, జెండా పట్టుకుని నడిచే జనానికీ చెల్లుతుంది. దౌడు తీయడంలో తొందర ఉంది, కదం తొక్కడంలో గర్వం ఉంది. మీ రాకుమారుడు గెలిచి తిరిగి వచ్చే ఘట్టంలో గుర్రం దౌడు తీయకూడదు, కదం తొక్కాలి.

ఉదాహరణకు ఒక నిజమైన ఘట్టం తీసుకుందాం. పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్ 1520 ప్రాంతంలో విజయనగరం చూసి రాసినదాంట్లో కృష్ణదేవరాయల దినచర్య ఉంది. తెల్లవారకముందే రాయలు నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, బరువులతో, కత్తితో సాము చేసి, మల్లుడితో కుస్తీ పట్టి, ఆ తర్వాత గుర్రమెక్కి తెల్లారేదాకా మైదానంలో అటూ ఇటూ దౌడు తీసేవాడట. ఈ చివరి భాగాన్ని ఎన్ని రకాలుగా రాయవచ్చో చూడండి. "మైదానంలో గుర్రపు స్వారీ చేసేవాడు" అంటే సమాచారం ఉంది, బొమ్మ లేదు. "గుర్రాన్ని మైదానంలో అటూ ఇటూ దౌడు తీయించేవాడు" అంటే రాజు చెయ్యి కనిపిస్తుంది, గుర్రం మీద అతని పట్టు కనిపిస్తుంది. "గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ దౌడు తీసేవాడు" అంటే రాజూ గుర్రమూ కలిసిపోయి ఆ చీకట్లో ఒకే ఆకారం పరుగెడుతుంది. "చీకట్లో మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు గుర్రం దౌడు తీస్తుంటే, వీపు మీద రాయలు" అంటే మనం నేల మీద నిలబడి చూస్తున్నాం. నాలుగూ తెలుగే, నాలుగూ సరైనవే. కర్త ఎవరన్నదాన్ని బట్టి చదివేవాడు నిలబడే చోటు మారుతుంది. దౌడు తీయు, దౌడు తీయించు మధ్య ఎంచుకోవడం వ్యాకరణం పనే కాదు, కథ ఎవరి కళ్ళతో చెబుతున్నామన్న పని కూడా అని నేను ఇంతగా చెప్పడానికి కారణం అది.

ఆజ్ఞ ఎవరిదన్నది ముఖ్యమైన చోట తీయించు. వేగమే ముఖ్యమైన చోట తీయు. గుర్రం అదుపు తప్పిన ఘట్టంలో అయితే రౌతును కర్త స్థానం నుంచి పూర్తిగా దించేయండి. "కళ్ళెం తెగింది. గుర్రం దౌడు తీసింది." అప్పుడు మనిషి సామానుతో సమానం, వాక్యంలో కూడా అలాగే ఉండాలి. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అనే సామెత ఉంది కదా, అందులో రౌతుకు క్రియే లేదు గమనించండి. మెత్తన అని ఒక గుణం, అంతే. నడవడం, నడవకపోవడం అంతా గుర్రం చేతిలోకి పోయింది.

మీ కథ కాలం మీరు చెప్పలేదు. కాకతీయుల నాటిదైతే ఒక జాగ్రత్త అవసరం. కాకతీయ రాజ్యం 1323లో ముగిసింది. దౌడు, స్వారీ, జీను, రికాబు (రౌతు పాదం ఆనించుకునే కడియం) అన్నీ పారసీకం, ఉర్దూ, హిందీల ద్వారా వచ్చిన మాటలు. కథ చెప్పే గొంతు ఇప్పటిది కాబట్టి కథనంలో దౌడు వాడినా ఫరవాలేదు. పాత్రల నోట మాత్రం నేను పెట్టను. అక్కడ పరువెత్తించు, తోలు, అదిలించు ఉన్నాయి. జీనుకు పల్లము, రికాబుకు అంకవన్నె, కళ్ళెపు తాడుకు వాగె ఉన్నాయి. రౌతు అనే మాట నిశ్చింతగా వాడవచ్చు, రాజపుత్ర శబ్దం ప్రాకృతంలో అరిగి రాహుత్తు, రౌతు అయింది. పాత మాటలు మరీ కుప్పగా పోస్తే పాఠకుడికి నిఘంటువు కావలసివస్తుంది. పేజీకి ఒకటి, అదీ సందర్భంలో అర్థం తెలిసేట్టు వస్తే చాలు. గోల్కొండ కాలం కథ అయితే ఈ టెన్షన్ ఏమీ లేదు, దౌడు ఆ కాలపు సైనికుల నోటికి అతికినట్టు ఉంటుంది.

ఇంకో సంగతి, ఇది భాష గురించి కాదు గానీ చెప్పకుండా ఉండలేను. "రాత్రంతా దౌడు తీసి తెల్లారేసరికి రాజధాని చేరాడు" అని రాయకండి. పూర్తి దౌడు గుర్రానికి కొద్ది కిలోమీటర్ల పని. ఆపైన సాగిస్తే దాని ఊపిరి చాలదు, పడిపోతుంది. ఈ రోజుల్లో ఒకే రోజులో 160 కిలోమీటర్లు సాగే ఎండ్యూరెన్స్ పోటీలు ఉన్నాయి. వాటిలో కూడా చాలా దూరం ట్రాట్ మీదే నడుపుతారు, మధ్యమధ్య పశువైద్యులు ఆపి గుండె వేగం చూస్తారు. మీ వార్తాహరుడు రాత్రంతా ప్రయాణం చేయాలంటే కొంత నడిపించాలి, కొంత చిన్న పరుగు, ఎక్కడో రెండు చోట్ల దిగి నీళ్ళు పెట్టాలి, లేదా దారిలో గుర్రం మార్చాలి. దౌడును చివరి మలుపుకు దాచండి. కోట కనిపించాక దౌడు తీయించండి. అప్పుడే ఆ మాటకు విలువ.

అలాగే "నాలుగు కాళ్ళూ ముందుకీ వెనక్కీ చాచి గాల్లో తేలుతూ" అనే వర్ణన. పాత చిత్రకారులు చాలామంది దౌడును అలాగే గీశారు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో వరసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీసినప్పుడు అసలు సంగతి బయటపడింది. నాలుగు కాళ్ళూ నేలను వదిలే క్షణం ఉంది, కానీ అప్పుడు కాళ్ళు చాచి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. కాబట్టి "గిట్టలు పొట్ట కిందికి ముడిచి" అని రాస్తే నిజమూ అవుతుంది, చదివినవాళ్ళకు కొత్తగానూ ఉంటుంది.

అలంకారంగా వాడటం గురించి కూడా అడిగారు. "ధరలు దౌడు తీస్తున్నాయి", "ఊహలు దౌడు తీశాయి", "గుండె దౌడు తీసింది" అన్నీ చెల్లుతాయి. మొదలుపెట్టిన పోలికను అదే గుర్రంతో పూర్తి చేస్తే అందం. "ధరల దౌడుకు కళ్ళెం" బాగుంది. "ధరల దౌడుకు బ్రేకులు" అంటే గుర్రానికి చక్రాలు తగిలించినట్టు. పగ్గాలు అన్న మాట కూడా ఈ కుటుంబంలోదే, సంస్కృత ప్రగ్రహానికి తద్భవం. కఠోపనిషత్తులో ఇంద్రియాలు గుర్రాలు, మనసు ప్రగ్రహం, బుద్ధి సారథి. అక్కడున్నది రథం. ఎక్కి తోలే గుర్రం కాదు కట్టి తోలే గుర్రం. అందుకని "బుద్ధి అనే రౌతు" అని రాస్తే ఆ పోలిక చెదిరిపోతుంది, సారథి అనే ఉండాలి.

వచనంలో వేగం తెప్పించడానికి తెలుగులో ఒక గొప్ప వసతి ఉంది, అది క్త్వార్థకాల గొలుసు. వాక్యం ఆపకుండా ఒకదాని మీద ఒకటి క్రియలు తోసుకుంటూ పోవచ్చు. "వాగు దాటి, గట్టెక్కి, తుమ్మల మధ్య నుంచి దూసుకొచ్చి, కందకం అంచున ముందుకాళ్ళు ఎత్తి ఆగింది గుర్రం." ఇందులో దౌడు అనే మాటే లేదు, అయినా దౌడు ఉంది. ఒక ఘట్టంలో దౌడు ఒకసారి వాడి, తర్వాత ఇలాంటి వాక్యంతో నడపండి. ప్రతి వాక్యానికీ "దౌడు తీసింది" పెడితే మూడోసారికే ఆ మాట చచ్చిపోతుంది.

ఇక మీ వాక్యం. నేనైతే ఇలా దిద్దుతాను: "కబురు అందగానే రాకుమారుడు గుర్రమెక్కి కోట వైపు దౌడు తీశాడు." ఒక్క మాట చేరింది, అంతే. అతని పట్టుదల కనిపించాలంటే "గుర్రాన్ని కోట వైపు దౌడు తీయించాడు." వార్త విన్నవాడు అప్పటికే గుర్రం మీద ఉన్నాడంటే "కబురు పూర్తిగా వినలేదు, కళ్ళెం కోట వైపు తిప్పాడు, గుర్రం దౌడు తీసింది." మీ కథ మొత్తం చదవలేదు కాబట్టి మూడింటిలో ఏది అన్నది మీరే తేల్చుకోవాలి. నాకు మాత్రం మూడోది ఇష్టం, అందులో మనిషి చేసింది ఇంత, గుర్రం చేసింది ఇంత అని తెలుస్తోంది.

చివరగా మీరు అడిగిన అక్షరాల సందేహం. దవుడు, దౌడు రెండూ ముద్రణలో కనిపిస్తాయి. నేను దౌడు అనే ఉంచుతాను. కథంతా ఏదో ఒకటే పాటించండి.